చుక్క కాళ్ళకు కట్టిన కట్లు

గుర్రాలమ్మ మెట్లెక్కి వచ్చేసరికి నిదానం గారు పెన్సిలు చెక్కుకుంటున్నారు. ఆయన కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. లైసెన్సు కమిటీ పంపిన నోటీసు బల్ల మీద పడేసి, "ఎవరు చేశారో తేల్చండి. ఆ మనిషిని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను," అంది. మాట కత్తిలా ఉంది. పక్క బల్ల దగ్గరి గుమాస్తా ఆ నోటీసు తీసుకుని చదివాడు.

గుమాస్తా ముప్పయ్యేళ్ళు కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే భార్య పోరు పడలేక ఈ డిటెక్టివ్ దగ్గర చేరాడు. డిటెక్టివుకి అసలు పేరేదో ఉంది గానీ, పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని నమ్మిన మనిషి కాబట్టి ఊరంతా నిదానం గారనే పిలుస్తుంది. ఆయన నిదానం చూసి గుమాస్తాకి రోజుకోసారైనా ఒళ్ళు మండుతుంది. అయినా ఆయన్ని మించిన బుర్ర భూమ్మీద లేదని ఎవరితోనైనా పందెం కాస్తాడు.

"నిదానంగా చెప్పండమ్మా," అన్నారాయన.

ఆవిడది గుర్రాల లాయం. సొంత గుర్రాలు ఆరు, వేరేవాళ్ళు పెట్టి వెళ్ళినవి పదకొండు. అందులో కార్ల షోరూమాయన గుర్రం ఒకటి. నుదుట తెల్లబొట్టు ఉంటుంది కాబట్టి దాన్ని చుక్క అంటారు. సోమవారం పొద్దున చూస్తే చుక్క ముందు కాళ్ళు రెండూ బోదకాళ్ళలా వాచిపోయి ఉన్నాయి. కట్లు బిగిసిపోయి నరాలు దెబ్బతిన్నాయనీ, ఇక అది పరిగెత్తడం కల్ల అనీ పశువుల డాక్టరు తేల్చేశాడు.

"రాత్రిళ్ళు గుర్రాల కాళ్ళకి కట్లు కట్టడం మామూలే. కింద దూదిమెత్త వేసి దాని మీద గుడ్డ చుడతాం. ఆ రోజు మెత్త లేదు. తడిగుడ్డ బిగలాగి చుట్టేశారు. అది ఆరేకొద్దీ బిగుసుకుంది. కట్లు కట్టే మా లాయం పెద్దాయనదే నిర్లక్ష్యమని అందరూ అంటున్నారు."

"కాదంటారా?"

"ముప్పయ్యేళ్ళ నుంచి కడుతున్నాడు. మెత్త మర్చిపోవడమంటే అన్నం తినేటప్పుడు నోరు మర్చిపోవడమే."

నిదానం గారు ఆవిడ ఇచ్చిన ఒప్పందం కాగితం చదివారు. లాయం మనుషుల నిర్లక్ష్యం వల్ల గుర్రానికి దెబ్బ తగిలితే బాధ్యత లాయానిది. గుర్రం యజమాని గానీ, ఆయన తాలూకు మనుషులు గానీ చేసినదానికి లాయానికి బాధ్యత లేదు. రేపు గురువారం లైసెన్సు కమిటీ కూర్చుంటుంది. తప్పు లాయానిదేనని తేలితే తాళం పడుతుంది. ముసలాయన్ని ఇక ఏ లాయమూ గడప తొక్కనివ్వదు.

"మీ మీద పగబట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూడేళ్ళ కిందట ఓ పిల్ల నా గుర్రం మీంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. తండ్రి కోర్టుకెళ్ళాడు. ఏం జరిగినా పూచీ మాదేనని పిల్ల ఎక్కేముందు ఆయన పెట్టిన సంతకం చూపించాను. కేసు కొట్టేశారు. ఆయన పోయిన ఏడు పోయాడు. పగబట్టడానికి ఇక మనిషెవరు?"

"పిల్ల ఎలా పడింది?"

"సరిగ్గా కూర్చోలేదు," అంది ఆవిడ. ఆ జవాబు మాత్రం అడగ్గానే వచ్చేసింది.

మధ్యాహ్నానికి ఇద్దరూ లాయానికి వెళ్ళారు. నడవకి అటూ ఇటూ గదులు, గడ్డివాసన, అప్పుడే కడిగిన తడినేల. లాయం పెద్దాయన చుక్క పక్కన స్టూలేసుకుని కూర్చుని దాని కాళ్ళకి చల్లనీళ్ళ గుడ్డలు మారుస్తున్నాడు. వచ్చినవాళ్ళని చూసి లేవబోయాడు. నిదానం గారు కూర్చోమని భుజం మీద చెయ్యి వేశారు.

"మీరు కట్టు ఎలా కడతారో నాకు చూపించాలి."

పెద్దాయన పక్క గదిలోంచి ఓ పొట్టి గుర్రాన్ని తెచ్చాడు. మెత్త చుట్టి, మోకాలి కిందా గిట్టకి పైనా ఉన్న పొడుగు భాగంలో సరిగ్గా మధ్యన గుడ్డ మొదలుపెట్టి, కిందికి దింపి, మళ్ళీ పైకి తెచ్చి ముడేశాడు. ఎడమ కాలు అయింది. కుడి కాలికి వచ్చేసరికి చేతులు మార్చి ఎదురు దిక్కున చుట్టాడు.

"దిక్కు మార్చారేం?"

"ఎప్పుడూ బయటివైపు ముందు నుంచి వెనక్కి వెళ్ళాలి బాబూ. ఒక కాలుని అద్దంలో చూస్తే రెండోది అలా ఉండాలి. లేకపోతే నరం పక్కకి లాగేస్తుంది. లాయంలో చేరిన మొదటి వారమే తన్ని మరీ నేర్పిస్తారు."

నిదానం గారు తలూపారు. గుమాస్తాకి ఇందులో తల ఊపేంత విశేషం ఏముందో అర్థం కాలేదు.

"ఆదివారం సాయంత్రం మీరు కట్టాక ఇక్కడికి ఎవరెవరొచ్చారు?"

"అందరం దాణా గదిలో ఉన్నప్పుడు గడ్డిబండి అతను వచ్చాడు. నాడాలు కొట్టే అతను పనిముట్లు తీసుకెళ్ళాడు. షోరూమాయనా, వాళ్ళ అక్కగారూ అప్పటికే వెళ్ళిపోయారు. ఆవిడ కళ్ళజోడు మర్చిపోయానని మళ్ళీ వచ్చింది. అంతే."

జీన్లు పెట్టే గదికి తీసుకెళ్తూ పెద్దాయన, గోడకి వేలాడుతున్న ప్రతి జీను పట్టీనీ మూడేసిసార్లు గుంజి చూశాడు. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ అది. ఎవరూ గుర్రం ఎక్కబోవడం లేదు, అయినా గుంజాడు. చాదస్తం అనుకున్నాడు గుమాస్తా. నిదానం గారు పట్టీల ఇత్తడి బకిల్సు తిప్పి చూశారు. జీన్లు పాతికేళ్ళనాటివి. పట్టీలు మాత్రం అన్నీ ఒకే సైజు, ఒకే తోలు. అన్నిటి మీదా ఒకే నెల ముద్ర ఉంది.

నడవ చివర చేతులు కడుక్కునే గది ఉంది. అక్కడ మూత ఉన్న చెత్తబుట్ట తెరిచి చూస్తే అడుగున రెండు దూదిమెత్తలు దొరికాయి. పెద్దాయన వాటిని తీసి తిప్పి చూశాడు.

"ఇవి నేను చుక్కకి కట్టినవే. చెత్తలో వేసిందెవరు? చిరిగి పేలికలయ్యేదాకా ఉతికి తాడు మీద ఆరేసుకుంటాం కదా. ఇంత పిచ్చిపని లాయం మనిషెవడూ చెయ్యడు."

అంతలో షోరూమాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన్ని చూడగానే మీదికి రాబోయాడు. "నీ చేతులు విరిచి పొయ్యిలో పెట్టినా నా కసి తీరదు," అన్నాడు. వెనకే వచ్చిన అక్క అతని చొక్కా పట్టుకుని ఆపింది. యాభై ఏళ్ళ మనిషి. నీళ్ళకాగులా నిండుగా, నిశ్శబ్దంగా ఉంది.

"నాకున్న వాటన్నిట్లోకీ ఇదంటే నాకు ప్రాణం," అన్నాడతను నిదానం గారితో. "ఆదివారం వస్తే చాలు, మా మేనకోడలు దీని ఫోటోల కోసం కాచుకుని ఉంటుంది. ఇప్పుడు దాని ముఖం ఎలా చూడను?"

"ఈ ఊళ్ళో ఇన్ని లాయాలుండగా ఇక్కడే ఎందుకు పెట్టారు?"

"నేను పోయిన ఏడే ఈ ఊరొచ్చాను. కాగితాలన్నీ మా అక్కే చూస్తుంది. పది లాయాలు తిరిగి, ఒప్పందాలన్నీ చదివి ఇది బాగుందంది."

సరిగ్గా అప్పుడే గుమాస్తా తడినేల మీద కాలు జారి దబ్బున కూలబడ్డాడు. ఎడమ చీలమండ మెలి తిరిగింది. అక్కగారు మారుమాట లేకుండా కింద కూర్చుని, ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకుని, సంచీలోంచి కట్టుగుడ్డ తీసి చుట్టేసింది. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, జడ అల్లినట్టు పైపైకి తెచ్చి, కొస లోపలికి దోపింది. ఎంత హాయిగా ఉందంటే గుమాస్తాకి ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

"చెయ్యి తిరిగిన పని," అన్నారు నిదానం గారు.

"ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేసేదే ఇది," అంది ఆవిడ.

ఆ సాయంత్రం నిదానం గారు పశువుల డాక్టరుకి కబురుపెట్టి, కట్లు కోసేముందు అతను తీసిన ఫోటోలు తెప్పించుకున్నారు. గుమాస్తాని కుంటికాలితోనే కోర్టు రికార్డు గదికి పంపారు. "కాలు బాగాలేదు, రేపు వెళ్తాను," అని గుమాస్తా అంటే, "రేపటికి తాళం పడుతుంది," అన్నారు. జన్మలో ఆయన నోట తొందర మాట వినడం అదే మొదటిసారి.

గుమాస్తా మూడేళ్ళ కిందటి ఫైలు పట్టుకొచ్చాడు.

"తల్లి సాక్ష్యం చెప్పిందా?"

"లేదండీ. వాయిదాలన్నిటికీ తండ్రే వచ్చాడు. తల్లి పిల్ల మంచం పక్కన ఉంది, రాలేదని రాసుంది."

"పట్టీ గురించి ఎవరైనా అడిగారా?"

"సంతకం చూపించాక ఇంక దేన్ని గురించీ ఎవరూ అడగలేదు సార్."

ఫైల్లో తల్లి ఉద్యోగం రాసిన చోట నిదానం గారు పెన్సిలుతో సన్నగా గీత గీసి ఫైలు మూశారు.

గురువారం పొద్దున లాయం నడవలో అందరూ చేరారు. కమిటీ కార్యదర్శి దస్త్రం ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. గుర్రాలమ్మ ఒకవైపు, షోరూమాయనా అక్కా మరోవైపు ఉన్నారు. పెద్దాయన చుక్క గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ముందు మా గుమాస్తా సంగతి చూడండమ్మా," అన్నారు నిదానం గారు. "రెండో కాలు కూడా నొప్పంటున్నారు."

గుమాస్తా చెప్పినట్టే మూలిగాడు. కోర్టులో ముప్పయ్యేళ్ళు దొంగసాక్షుల్ని చూసినవాడు కదా, బాగానే మూలిగాడు. అక్కగారు కుడి కాలికీ కట్టు కట్టింది. నిదానం గారు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి, పక్కన ఫోటో పెట్టారు.

"ఇవి చుక్క కాళ్ళు, ఆ రోజు పొద్దున తీసినవి. పెద్దాయన కట్టు మధ్యలో మొదలవుతుంది. ఇది అడుగున మొదలై జడలా పైకొచ్చింది. పెద్దాయన ఎడమకి ఒక దిక్కు, కుడికి ఎదురు దిక్కు చుడతాడు. ఇక్కడ రెండు కాళ్ళకీ ఒకటే దిక్కు. గుర్రాలతో బతికే మనిషి నిద్రలో కూడా చెయ్యని తప్పు ఇది. మనుషులకి కట్లు కట్టే చెయ్యి మాత్రం రోజూ ఇలాగే కడుతుంది. ఇప్పుడు మా గుమాస్తా కాళ్ళు చూడండి."

అందరూ గుమాస్తా కాళ్ళ వైపు చూశారు. ఆయనకి వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మెత్తలు మూత ఉన్న బుట్టలో దొరికాయి. లాయం మనిషైతే తాడు మీద ఆరేస్తాడు. వాడిన దూదిని మూతబుట్టలో పడెయ్యడం ఆసుపత్రి అలవాటు. బుర్ర ఎంత పథకం వేసినా చేతులు వాటి అలవాటు అవి మానవు. మూడేళ్ళ కిందట ఇక్కడ పడ్డ పిల్ల తల్లి, ఎముకల ఆసుపత్రిలో నర్సు. కోర్టుకి రాలేదు కాబట్టి ఇక్కడెవరికీ ఆవిడ ముఖం తెలీదు."

షోరూమాయన అక్క వైపు తిరిగాడు. "ఆ లాయం వేరే ఊళ్ళో ఉందన్నావు," అన్నాడు.

"చెప్పి ఉంటే నువ్వు ఇక్కడ పెట్టేవాడివా?" అంది ఆవిడ. గొంతులో తడి లేదు. "అవునండీ, నేనే కట్టాను. నా కూతురికి పందొమ్మిదేళ్ళు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి రోజుకి ఎనిమిదిసార్లు ఎత్తుతాను. దాని నడుముకి కోర్టు ఒక సంతకం చూపించి పొమ్మంది. ఆ దిగులుతోనే మా ఆయన పోయాడు. ఓ రోజు గుర్రాల ఒప్పందం చదివాను. గుర్రం కాలు పోతే నోటీసు, కమిటీ, తాళం. అదే లాయం, అదే మనిషి. నా పిల్లకి లేని న్యాయం గుర్రానికుందని తెలిశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఈవిడ గుమ్మానికి తాళం పడితే చూడాలి. నాకు ఇంకే కోరికా లేదు."

"నేనెంత ప్రేమగా పెంచుకున్న గుర్రం అది," అన్నాడు తమ్ముడు.

"నేనూ ప్రేమగానే పెంచుకున్నాను."

గుర్రాలమ్మ లేచి నిలబడింది. మూడు రోజుల భయమంతా ముఖం మీంచి దిగిపోయింది. దాని చోట కసి వచ్చి కూర్చుంది. "రాసుకోండి కార్యదర్శి గారూ. యజమాని తాలూకు మనిషే చేసింది. నా బాధ్యత పూచికపుల్లంత కూడా లేదు. ఈవిడ ఉద్యోగం ఊడగొట్టించి జైలుకి పంపకపోతే నేను ఈ గడప తొక్కను."

"నిదానం అమ్మా," అన్నారు డిటెక్టివ్. "గుర్రం విషయంలో మీ బాధ్యత లేదు. అది తేలింది. ఎవరు చేశారో తేల్చమన్నారు కాబట్టి, ఇంకొకటి కూడా తేలిపోయింది. జీన్లన్నీ పాతవే, పట్టీలు మాత్రం అన్నీ ఒక్కసారే మార్పించారు. ముద్ర చూశాను. అది ఆ పిల్ల పడిన నెలే. పిల్ల సరిగ్గా కూర్చోకపోతే పదిహేడు పట్టీలు మార్చడమెందుకు?"

నిదానం గారు పెద్దాయన వైపు తిరిగారు. "ఎవరూ ఎక్కని జీను పట్టీని మీరు మూడేసిసార్లు ఎందుకు గుంజుతారు?"

పెద్దాయన తలుపు దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "ఆ పిల్ల పడడానికి నాలుగు రోజుల ముందే చెప్పాను అమ్మగారికి. పట్టీ చీకిపోయింది, కుట్లు ఊడుతున్నాయి, ఆ జీను వెయ్యొద్దని. నెలాఖరుకి మారుద్దాంలే అన్నారు. ఆ రోజు నేను ఊళ్ళో లేను. వేరేవాళ్ళు అదే జీను వేశారు. పరుగులో తెగిపోయింది."

"నా ఉప్పు తిన్న నోటితోనే?" అంది గుర్రాలమ్మ.

"ఉప్పు తిన్నందుకే మూడేళ్ళు నోరు మూసుకున్నానమ్మా. ఈ నాలుగు రోజులూ చెయ్యని తప్పుకి దొంగలా నిలబడ్డాను. ఆ పిల్ల మూడేళ్ళుగా అలాగే ఉండి ఉంటుంది కదా అనిపించింది."

నడవలో ఓ గుర్రం గిట్టతో నేల తట్టింది. తెగేలా ఉన్న పట్టీ సంగతి తెలిసి కూడా దాచిపెట్టి చేయించుకున్న సంతకం చెల్లదని గుమాస్తాకి తెలుసు. కార్యదర్శికీ తెలుసు. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని రెండు ముక్కలు రాశాడు. గుర్రం దెబ్బకి లాయానికి బాధ్యత లేదు. పట్టీ విషయం విచారణ తేలేదాకా లాయం మూసెయ్యాలి, గుర్రాల్ని పక్క లాయానికి తరలించాలి. పెద్దాయన వాంగ్మూలం మీద వేలిముద్రా సంతకమూ రెండూ తీసుకున్నాడు.

"ఇందుకా మిమ్మల్ని పెట్టుకున్నది?" అంది గుర్రాలమ్మ నిదానం గారితో.

"మీరు అడిగినదే చేశానమ్మా. తప్పు చేసిన మనిషిని మీ ఎదురుగా నిలబెట్టమన్నారు. ఇద్దరున్నారు."

అక్కగారి ముఖంలో మొదటిసారి రంగు వచ్చింది. తాళం పడబోతోంది. ఆవిడ పెద్దాయన దగ్గరికి నడిచింది. "నువ్వు సరిగ్గా కూర్చోలేదు, నీ తప్పే అని అందరూ అన్నారు దాన్ని. అది నమ్మేసింది. ఒక్కసారి దానికి చెప్పు," అని ఫోను కలిపి స్పీకరు పెట్టి ఆయన నోటి దగ్గర పట్టుకుంది.

"తల్లీ," అన్నాడు పెద్దాయన. "నేను లాయం తాతని. నువ్వు సరిగ్గానే కూర్చున్నావమ్మా. పట్టీ తెగింది. తప్పు నీది కాదు, మాది."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు గుమాస్తా. తర్వాత సన్నటి గొంతు వచ్చింది.

"మరి మీరు అక్కడే ఉన్నారా తాతా? చుక్క కాళ్ళు ఎలా ఉన్నాయి? ఎవరో కట్టు తప్పుగా కట్టారట కదా. ఎవరో తెలిసిందా? అమ్మా, నువ్వూ అక్కడే ఉన్నావా?"

తల్లి ఫోను తమ్ముడి చేతికి ఇవ్వబోయింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పక్కా," అన్నాడు.